పుత్తూరు నుంచి మంచుదేశానికి

పిల్లలూ! ఈ నెల మనమొక దూరప్రయాణం చేద్దాం. మూటాముల్లే సర్దుకోనక్కరలేదు. దగ్గరలో ఒక దుప్పటి మాత్రం పెట్టుకోండి. సగం దారి పోయేసరికి దాని అవసరం తప్పకుండా పడుతుంది.

మనం బయలుదేరేది పుత్తూరు నుంచి. పుత్తూరు పేరు చెప్పగానే పెద్దవాళ్ళకు ఎముకల కట్టు జ్ఞాపకం వస్తుంది. కాలో చెయ్యో విరిగినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరి పక్కనున్న రాచపాళెం వచ్చి కట్టు కట్టించుకుని పోవటం తాతల కాలం నుంచీ ఉన్నది. మనకు ప్రస్తుతం కట్టుతో పని లేదు. (దారిలో మంచు మీద జారిపడితే అప్పుడు చూద్దాం!) మనకు కావలసింది ఆ ఊరి మీదుగా పోయే రోడ్డు.

చెన్నై నుంచి తిరుత్తణి, నగరి, పుత్తూరు, రేణిగుంట మీదుగా కడప దిక్కుకు పోయే ఆ రోడ్డుకు 716 అని అంకె. ఈ అంకె ఊరికే పెట్టింది కాదు. 2010లో మన దేశంలోని జాతీయ రహదారులన్నిటికీ కొత్త అంకెలు వేశారు. ఉత్తర దక్షిణాలుగా పోయే పెద్ద రోడ్లకు సరిసంఖ్యలు. తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసిసంఖ్యలు. మూడంకెలుంటే అది కొమ్మ అన్నమాట. చివరి రెండంకెలూ చూస్తే అది ఏ మానుకు కొమ్మో తెలిసిపోతుంది. 716లో చివర ఉన్నది 16. ఆ 16 కోల్‌కతా నుంచి విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు మీదుగా చెన్నై చేరే రోడ్డు. మన పుత్తూరు రోడ్డు దాని కొమ్మ. ఈసారి మీరు బస్సులో పోయేటప్పుడు మైలురాళ్ళ మీద అంకెలు చదవండి. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళను కూడా అడిగి చూడండి, ఎంతమందికి తెలుసునో!

మనం ఎక్కేది లారీ. ఇది ఊహాలారీ గనక మనమంతా పడతాం. ఇద్దరు డ్రైవర్లున్నారు, ఒక క్లీనరున్నాడు. ఒకరు నిద్రపోతుంటే ఇంకొకరు నడుపుతారు. అయినా మన ఊరు చేరటానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఎందుకంటే మనం పోయేది దాదాపు 3,000 కిలోమీటర్ల దూరాన ఉన్న శ్రీనగర్‌కు. అక్కడ ఆపిల్ పెట్టెలు ఎత్తుకుని తిరిగి రావాలి. సంక్రాంతికి మీ ఊరి బజారులో తోపుడుబండి మీద ఎర్రగా మెరిసే ఆపిల్ పళ్ళలో చాలా భాగం ఈ దారినే వస్తాయి. ఆ పళ్ళు మీ ఊరికి చేరటం ఎంత కష్టమో ఈ ప్రయాణంలో మీకే తెలుస్తుంది.

డిసెంబరు నెల, తెల్లవారుజాము. పుత్తూరులో 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. దానికే మనవాళ్ళు తలకు గుడ్డ చుట్టుకుని టీకొట్టు ముందర చలి కాగుతున్నారు. లారీ కదిలింది. నగరి కొండ ముక్కు వెనకబడింది. అదేనండీ, ఒకప్పుడు సముద్రంలో పోయే ఓడవాళ్ళు ఆనవాలుగా చూసుకున్న నగరి ముక్కు. రేణిగుంట, కోడూరు, రాజంపేట, ఒంటిమిట్ట దాటి కడప చేరాం. చెన్నూరు దగ్గర పెన్న దాటాం. నంద్యాల మీదుగా కర్నూలు పోయి అక్కడ 44వ నంబరు రోడ్డు పట్టుకున్నాం.

ఇదీ అసలు రోడ్డు! దక్షిణాన కన్యాకుమారి నుంచి ఉత్తరాన శ్రీనగర్ దాకా 3,700 కిలోమీటర్లకు పైగా పోతుంది. మన దేశంలో ఇంత పొడుగు రోడ్డు ఇంకొకటి లేదు. దీని వెంట పోతూ ఉంటే భూగోళం పుస్తకం విప్పినట్టే. కర్నూలు దగ్గర తుంగభద్ర, బీచుపల్లి దగ్గర కృష్ణ, నిర్మల్‌కు ముందు సోన్ దగ్గర గోదావరి, ఆదిలాబాదు దాటాక పెన్‌గంగ. అంతటితో తెలుగు బోర్డులు అయిపోతాయి. నాగపూరు దాటాక పెంచ్ అడవి వస్తుంది. అక్కడ రోడ్డును పైకెత్తి వంతెనల మీద నడిపించారు, అడవిమృగాలు కిందనుంచి పోవటానికి. పైన లారీలు పోతుంటే కింద పులులు నడిచిపోవటం కెమెరాలకు చిక్కింది. తరవాత నర్మద, చంబల్, ఆగ్రా దగ్గర యమున. ఢిల్లీ వచ్చేసింది. ఇంత దూరాన్ని నాలుగు మాటల్లో చెప్పేశానని డ్రైవర్లు నా మీద కోపపడతారు. కాని మన కథంతా ముందున్నది.

ఢిల్లీ దాటి హర్యానా, పంజాబు పొలాల మధ్య పోతుండగా తెల్లవారింది. తెల్లవారిందని గడియారం చెబుతున్నది గాని కంటికి తెలియటం లేదు. ముందున్న లారీ వెనకదీపం పది బారల దూరంలో కూడా కనబడదు. డ్రైవరు ముందుకు వంగి, దీపాలు మిటకరిస్తూ, నత్త నడకన పోనిస్తున్నాడు. ఇది మంచేనా? అవును, మన భాషలో దీన్ని కూడా మంచు అనే అంటాం. ఇక్కడ ఒక చిక్కున్నది. మంచు అనే ఒక్క మాటతో మనం నాలుగైదు వస్తువులను పిలుస్తున్నాం. ధనుర్మాసంలో గడ్డిపరక మీద మెరిసే నీటిబొట్టు మంచు. తెల్లవారుజామున చెరువుగట్టు మీద పాకే పొగ మంచు. ఆకాశం నుంచి దూదిలాగా రాలేది మంచు. గట్టిగా రాయిలాగా పేరుకున్నదీ మంచే. అవసరం లేక మనవాళ్ళు వేరే మాటలు కల్పించుకోలేదు. కాశ్మీరీలు పైనుంచి రాలే మంచును "శీన్" అంటారు. మనం దాన్ని హిమం అందాం. గాలిలో నిలిచేదాన్ని పొగమంచు అందాం. ఈ పంజాబులో చూస్తున్నది పొగమంచు. చలికాలపు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలనంటిన తేమగాలి కూడా చల్లబడి, అందులోని ఆవిరి సన్నని నీటితుంపరలై గాలిలోనే వేలాడుతుంది. అంతే. అంటే ఇది నేల మీదకు దిగిన మేఘం. చూడటానికి మెత్తగా ఉంటుంది గాని, ఏటా ఎన్నో ప్రమాదాలకు ఇదే కారణం. అందుకే మన డ్రైవరు ఎవరేమన్నా వేగం పెంచడు.

మన తెలుగుదేశంలో హిమం పడదా అని అడుగుతారు. మన్యంలో చింతపల్లి దగ్గర లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరకు పోతుంది. గడ్డి మీది మంచుబొట్లు గడ్డకట్టి తెల్లటి నూగులాగా కనిపిస్తాయి. పత్రికలవాళ్ళు హిమపాతం అని రాసేస్తుంటారు. అది హిమపాతం కాదు. హిమం పడాలంటే చలి ఒక్కటే చాలదు, పైన మేఘం కూడా ఉండాలి. లంబసింగిలో అంత చలి వేసేది మేఘాలు లేని రాత్రుల్లోనే. చూశారా, చలి ఉన్నప్పుడు మేఘం లేదు, మేఘం ఉన్నప్పుడు చలి లేదు!

కాశ్మీరంలో రెండూ ఉన్నాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో మన పుత్తూరులో వానలు కురిసేది బంగాళాఖాతం మేఘాలవల్ల. అదే రోజుల్లో ఎక్కడో పడమర మధ్యధరా సముద్రం వైపునుంచి బయలుదేరిన గాలివానలు ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ మీదుగా వచ్చి హిమాలయాలకు తగులుకుంటాయి. అక్కడి ఎత్తుకు, చలికి, వాన కాస్తా హిమమై రాలుతుంది. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ ఎండాకాలంలో చల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే.

సట్లెజ్, బియాస్, రావి నదులు దాటి జమ్మూ చేరాం. ఇక్కడికి మైదానం సరి. ఇక ఎక్కటమే. దుప్పటి కప్పుకోండి.

ఉధంపూరు దాటిన తరవాత చెనానీ దగ్గర కొండలోకి దూరతాం. 9 కిలోమీటర్లకు పైగా సొరంగం! 2017లో తెరిచారు. అంతకు ముందు లారీలన్నీ పట్నీటాప్ అనే 2,000 మీటర్ల ఎత్తు మీదికి ఎక్కి దిగవలసి వచ్చేది; అక్కడ చలికాలమంతా హిమమే. ఈ సొరంగంవల్ల ఆ ఎక్కుడూ తప్పింది, 30 కిలోమీటర్ల దూరమూ తగ్గింది. దీని పక్కనే ఇంకొక చిన్న సొరంగం తవ్వారు. లోపల నిప్పంటుకుంటేనో, బండ్లు గుద్దుకుంటేనో మనుషులు దాంట్లోకి పారిపోవటానికి.

బయటపడితే చీనాబు నది లోయ. రాంబన్ నుంచి బనిహాల్ దాకా ఉన్న దారి డ్రైవర్లకు హిమంకన్నా ఎక్కువ భయం. ఈ కొండలు మన నల్లమల వంటి ముసలి కొండలు కావు. భూమి చరిత్రలో ఇవి నిన్న మొన్న పుట్టినవి. ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. రాయి గట్టిపడలేదు. హిమం కరిగిన నీరు బీటల్లోకి దిగుతుంది, రాత్రి గడ్డకడుతుంది, గడ్డకట్టినప్పుడు ఉబ్బి రాతిని విడదీస్తుంది. పొద్దున ఎండ తగిలి ఆ గడ్డ కరగగానే రాయి జారి కిందపడుతుంది. పంథ్యాల్ అనే చోట ఇలా రాళ్ళు కురిసి ఎందరో పోయారు. ఇప్పుడక్కడ కూడా సొరంగంలో నుంచే పోతున్నారు.

నీరు గడ్డకడితే ఉబ్బుతుందని నమ్మకం లేకపోతే మీరే చూడవచ్చు. ఒక ప్లాస్టిక్ సీసాలో మెడదాకా నీళ్ళు పోసి, మూత పెట్టకుండా, ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో నిలబెట్టండి. మర్నాటికి మంచు మెడ దాటి పైకి వచ్చి ఉంటుంది. గాజుసీసాతో మాత్రం చేయకండి, పగులుతుంది. 11 గిన్నెల నీరు గడ్డకడితే 12 గిన్నెల మంచు అవుతుందన్నమాట. మన లారీ ఇంజనులో కూడా నీళ్ళున్నాయి గదా! అవి గడ్డకడితే ఇనుప ఇంజనుకే బీట పడుతుంది. అందుకే చలిదేశాల్లో ఆ నీళ్ళలో గ్లైకాల్ అనే ద్రవం కలుపుతారు. అది కలిపిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. డీజిలుకూ ఈ బాధ ఉన్నది. మరీ చలి ఐతే దాంట్లోని మైనం పేరుకుని నేతిలాగా గడ్డకడుతుంది. మన ఇళ్ళల్లో చలికాలం కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టినట్టే, లడఖ్‌లో డ్రైవర్లు ఇంజను కింద మంట వేసి డీజిలు కరిగించుకున్న రోజులున్నాయి. 2019లో లడఖ్ కోసం, సున్నాకు కింద 33 డిగ్రీల దాకా పారే డీజిలును ప్రత్యేకంగా తయారుచేశారు.

బనిహాల్ వచ్చింది. ఎదురుగా పీర్ పంజాల్ పర్వతం గోడలాగా అడ్డంగా నిలబడింది. గోడకు ఆవల కాశ్మీరు లోయ. పూర్వం 2,832 మీటర్ల ఎత్తున ఉన్న బనిహాల్ కనుమ ఎక్కి దిగేవారు. చలికాలం వస్తే కనుమ మూసుకుపోయేది. లోయలోని జనానికి ఈ దారిన బయటిలోకంతో సంబంధమే ఉండేది కాదు. 1956 డిసెంబరులో కనుమకు 600 మీటర్లకు పైగా దిగువన, రెండున్నర కిలోమీటర్లు దాటిన జవహర్ సొరంగం తెరిచారు. రోజుకు ఒక్కొక్క దిక్కున 150 బండ్లు పోతాయని లెక్క వేసి కట్టారు. రాను రాను రోజుకు వేలబండ్లు వచ్చాయి! పైగా ఆ సొరంగం నోటి దగ్గర కూడా హిమం పేరుకుని, పైనుంచి హిమరాసులు జారి దారి మూసేవి. అందుకని ఇంకా 400 మీటర్లు కిందుగా కొత్త సొరంగం తవ్వారు. దాని పొడుగు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. 2021లో బండ్లను వదిలారు.

కిందికి పోయినకొద్దీ సొరంగం ఎందుకు పొడుగవుతుందో ఆలోచించారా? ఇసుకకుప్ప పోసి కొన దగ్గర వేలు గుచ్చండి, అవతలికి వస్తుంది. మధ్యలో అయితే అరచెయ్యి పట్టాలి. అడుగున అయితే మోచెయ్యి దాకా దూర్చినా చాలదు. ఇంజనీర్లు కోట్లు పోసి మోచెయ్యి దూర్చింది హిమానికి దూరంగా ఉండటానికే.

ఇదివరకే 1956 అని ఒక అంకె చెప్పాను. ఆ సంవత్సరం జ్ఞాపకం పెట్టుకోదగినది. జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అమెరికా రాష్ట్రాలన్నిటినీ కలిపే పెద్దరోడ్ల చట్టం మీద సంతకం పెట్టాడు. నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. డిసెంబరులో జవహర్ సొరంగం. మీలో కొందరి పిన్నులు, బాబాయిలు కాలిఫోర్నియాలో ఉండే ఉంటారు. వాళ్ళు చలికాలం సెలవుల్లో టాహో సరస్సు దగ్గర హిమం చూడటానికి పోయేది ఆ చట్టం కింద వేసిన 80వ నంబరు రోడ్డు మీదనే. (అక్కడ అంకెల లెక్క మనకు సరిగ్గా తలకిందులు. తూర్పు పడమరల రోడ్లకు సరిసంఖ్యలు.) ఆ రోడ్డు సియెర్రా నెవాడా పర్వతాలను 2,200 మీటర్ల ఎత్తున దాటుతుంది. ఆ పక్కనే డానర్ కనుమ. 1846లో ఎడ్లబండ్ల మీద పిల్లాజెల్లాతో వస్తున్న 80 మందికి పైగా జనం అక్కడ హిమంలో చిక్కుకుపోయి, తిండి లేక, 40 మంది దాకా చనిపోయారు. అన్యాయం ఏమంటే, వాళ్ళు కొద్దిరోజులు ముందు వచ్చి ఉంటే దాటిపోయేవారే. దగ్గరిదారి అని ఎవరో చెప్పిన మాట నమ్మి ఆలస్యమయ్యారు. ఈనాడు అదే చోట హిమం పడుతున్నప్పుడు పోలీసులు కార్లను ఆపి, చక్రాలకు గొలుసులు ఉంటేనే వదులుతారు. రోడ్డు పక్కన నిలబడి గొలుసులు తగిలించి కూలి పుచ్చుకునే మనుషులు కూడా ఉంటారు.

గొలుసులు ఎందుకు? రబ్బరు చక్రానికి గరుకుగా ఉన్న నేల మీద పట్టు దొరుకుతుంది. మంచు మీద దొరకదు. గొలుసు మంచులోకి దిగి పట్టుకుంటుంది. కొన్నిచోట్ల రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు గనక మంచు కరిగిపోతుంది. పాతకాలపు ఐసుబండివాడు పాల డబ్బా చుట్టూ మంచుగడ్డలు, ఉప్పు కలిపి పోసింది కూడా ఈ గుణాన్ని వాడుకోవటానికే.

మన సంగతికి వద్దాం. సొరంగం దాటి కాజీగుండ్ చేరాం. అబ్బ! లోయంతా తెలుపు. ఇళ్ళ కప్పులు, చెట్లు, తంతులు, కుక్కవీపు కూడా తెలుపే. నీటికి రంగు లేదు గదా, హిమానికి ఈ తెలుపు ఎక్కడిది? కలకండ గడ్డ గాజులాగా ఉంటుంది. దాన్ని దంచితే తెల్లని పొడి అవుతుంది. ఒక్కొక్క పలుకూ వెలుగును నలుదిక్కులకూ చిమ్మటంవల్ల మన కంటికి అది తెల్లగా కనిపిస్తుంది. హిమం కూడా అంతే, లక్షల పలుకులు. ఒక్కొక్క పలుకుకూ ఆరు మూలలు. అమెరికాలో బెంట్లీ అనే రైతు 1885 నుంచి జీవితమంతా ఆ పలుకులను ఫోటోలు తీస్తూ గడిపాడు.

కాశ్మీరీలు డిసెంబరు 21 నుంచి 40 రోజులను "చిల్లై కలాన్" అంటారు. గట్టి చలి అదే. 2021 జనవరిలో ఒక రాత్రి శ్రీనగర్‌లో సున్నాకు కింద 8 డిగ్రీలు దాటింది. దాల్ సరస్సు మీద మంచుపలక కట్టింది. కింద చేపలు బతికే ఉంటాయి. మంచు నీటికన్నా తేలిక గనక పైన తేలుతుంది. అడుగున 4 డిగ్రీల నీరు నిలిచి ఉంటుంది. మనుషులు "ఫెరన్" అనే వదులు అంగీ తొడిగి, దాని లోపల "కాంగ్రీ" పెట్టుకుంటారు. కాంగ్రీ అంటే బుట్టలో అల్లిన చిన్న మట్టికుంపటి. కుంపటి చంకలో పెట్టుకుని బజారుకు పోవటం మనకు వింతగా ఉంటుంది! ఎండాకాలంలో ఎండబెట్టుకున్న వంకాయ, సొరకాయ వరుగులు వండుకుంటారు. ఈ వరుగుల సంగతి మాత్రం మన రాయలసీమ అవ్వలకు కొత్త కాదు. పూర్వం మొదటిహిమం పడిన రోజున ఒక వేడుక ఉండేది. కొంచెం హిమాన్ని మూటకట్టి, ఏదో బహుమతి అన్నట్టు స్నేహితుడి చేతిలో పెడతారు. తెలియక పుచ్చుకున్నవాడు విందు పెట్టాలి.

ఇక్కడ పెద్దవాళ్ళు కూడా వినవలసిన మాట ఒకటున్నది. కాశ్మీరీలకు కాంగ్రీ అలవాటు. అయినా తలుపులన్నీ బిగించిన గదిలో బొగ్గుకుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లవారేసరికి లేవకపోవటం అక్కడ కూడా జరుగుతూనే ఉన్నది. గాలి చాలక బొగ్గు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. నెత్తురులో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. మొదట తలనొప్పి, తరవాత మత్తు, ఆ నిద్రలోనే ప్రాణం పోతుంది. 2022 జనవరి 7, 8 తేదీల్లో పాకిస్తాన్‌లోని మర్రీ అనే కొండపట్నంలో హిమం చూడటానికి వచ్చిన వేలకార్లు రోడ్డు మీద చిక్కుకుపోయాయి. రాత్రంతా అద్దాలు బిగించి, ఇంజను నడుపుతూ, వెచ్చగా కూర్చున్నారు. పొగగొట్టం చుట్టూ హిమం పేరుకుంటే పొగ బయటికి పోదు. 20 మందికి పైగా చనిపోయారు. వారిలో చిన్నపిల్లలున్నారు. కొందరు చలికి, కొందరు ఈ వాయువుకు బలి అయ్యారని అనుకున్నారు. హిమంలో కారు ఆగిపోతే ముందు దిగి పొగగొట్టం చుట్టూ హిమం తవ్వాలి. అద్దం కొద్దిగా దించి ఉంచాలి. ఇంజను ఆగాగి నడపాలి. మన ఊళ్ళో కూడా చలికి భయపడి మూసిన గదిలో కుంపటి పెట్టకూడదు. మీ ఇంట్లో ఎవరైనా అలా చేస్తుంటే మీరు చెప్పండి.

సరే, లారీలో ఆపిల్ పెట్టెలు ఎక్కాయి. కాశ్మీరులో ఆపిల్ కోతలు ఆగస్టు నుంచి నవంబరు దాకా. చలికాలంలో వచ్చేవి చల్లనిగిడ్డంగుల్లో దాచినవి. ఆ రైతు కష్టం కూడా తక్కువది కాదు. 2019 నవంబరు మొదటివారంలో హిమం ముందుగా పడింది. చెట్లకు ఆకులింకా రాలలేదు. ఆకులున్న కొమ్మ హిమాన్ని పట్టి ఉంచుతుంది, బరువు పెరుగుతుంది. ఇరవై ముప్ఫై ఏళ్ళు పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో నిలువునా చీలిపోయాయి. ఆకు రాల్చే చెట్లు చలికాలానికి ముందే ఎందుకు ఆకు రాలుస్తాయో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

మళ్ళీ కాజీగుండ్‌కు వచ్చేసరికి లారీల బారు నిలబడి ఉన్నది. రాంబన్ దగ్గర కొండ జారిందట. పోలీసులు వదలటం లేదు. రోడ్డు తెరిచినా, ఒకసారి పైకి పోయే లారీలను, ఒకసారి కిందికి వచ్చే లారీలను వంతులవారీగా వదులుతారు. ఒకరోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. డ్రైవరు రోజూ పెట్టెల మధ్య చెయ్యి పెట్టి వాసన చూస్తున్నాడు. పండు మాగితే వేడి పుడుతుంది, ఆ వేడికి పక్కపండు మాగుతుంది. ఆలస్యమైనకొద్దీ ధర పడిపోతుంది. మన చిత్తూరు మామిడి రైతు గుజ్జు ఫ్యాక్టరీ వాకిట ట్రాక్టరు నిలబెట్టుకుని పడే ఆరాటమే ఇది. 2022 సెప్టెంబరులో వేల ఆపిల్ లారీలు ఈ రోడ్డు మీద ఇలాగే నిలిచిపోతే రైతులు మండీలు మూసి నిరసన తెలిపారు. 2025లో వానలకు ఉధంపూరు దగ్గర రోడ్డు కొట్టుకుపోయి పళ్ళు లారీల్లోనే కుళ్ళాయి. ఆ ఏడే జూన్‌లో చీనాబు మీద ఈఫిల్ గోపురంకన్నా ఎత్తైన రైలువంతెన తెరిచారు గనక, సెప్టెంబరులో ఆపిల్ పెట్టెలను రైలు మీద ఢిల్లీకి పంపటం మొదలుపెట్టారు. ముందుముందు లారీల పని కొంత రైలు అందుకుంటుందేమో.

మూడవనాడు పొద్దున ఈల వినిపించింది. లారీలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. రోడ్డు మీద నీరు తడిగా మెరుస్తున్నది. డ్రైవరు దాన్ని నీరని నమ్మడు. అది పలచని మంచుపొర కావచ్చు. వంతెనల మీద మరీ జాగ్రత్త. పైనా కిందా కూడా చల్లనిగాలి ఆడటంవల్ల వంతెన రోడ్డుకన్నా ముందు గడ్డకడుతుంది. చిన్న గేరులో, బ్రేకు గట్టిగా తొక్కకుండా, ముందులారీకి దూరంగా పోనిస్తున్నాడు. జమ్మూలో స్వెట్టరు విప్పాడు. ఢిల్లీలో కొన్ని పెట్టెలు దించాం. నాగపూరులో ఫ్యాను వేశాం.

ఇంత దూరం పోయి పళ్ళే తెచ్చారా, కొంచెం మంచు మూటకట్టి తేలేకపోయారా అంటారేమో. తేవచ్చు. పుత్తూరుకు దగ్గరనే ఉన్న చెన్నైకి ఒకప్పుడు మంచు అమెరికా నుంచి వచ్చేది! బోస్టన్‌లో ట్యూడర్ అనే వర్తకుడు చలికాలంలో చెరువుల మీది మంచును రంపాలతో కోయించి, రంపపుపొట్టులో పొదిగి, ఓడలకు ఎక్కించేవాడు. రంపపుపొట్టులో గాలి చిక్కుకుని ఉంటుంది. చిక్కిన గాలి వేడిని లోపలికి పోనివ్వదు. 1833లో బోస్టన్ నుంచి 180 టన్నుల మంచుతో బయలుదేరిన ఓడ నాలుగు నెలలు సముద్రంలో పోయి కలకత్తా చేరేసరికి 100 టన్నుల దాకా మిగిలే ఉన్నది. మద్రాసులో ఆ మంచు దాచటానికి 1842లో సముద్రపు ఒడ్డున గుండ్రని పెద్దభవనం కట్టారు. దాని పేరు ఐస్ హౌస్. 1897లో వివేకానందస్వామి తొమ్మిది రోజులు అందులో బసచేశాడు. ఇప్పుడది ఆయన పేరు మీద ఉన్న ప్రదర్శనశాల. ఈసారి మెరీనాకు పోయినప్పుడు చూసి రండి. లోపల మంచు మాత్రం లేదు.